ఫొటో తీసినవాళ్లం తిరిగి వెళ్లాలి
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'ప్రయాణాల్లో ఫొటోలు తీయడం, అందులో దొరికే తృప్తి' గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేమేమీ ఫొటోగ్రాఫర్లం కాదు. శిరివెళ్లలో గిరిజన బాలికల హాస్టల్ చూసుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే మేము రోజూ ఫొటోలు తీస్తూనే ఉంటాం. పొద్దున టిఫిన్ ప్లేటు, మధ్యాహ్నం గుడ్డు, సాయంత్రం స్టడీ అవర్. తీసి పంపేస్తాం. ఫోన్ నిండా అన్నం ప్లేట్లే. వాటిలో ఒక్కటైనా మళ్లీ తెరిచి చూసుకోవాలని మాకెప్పుడూ అనిపించలేదు.

పోయిన చలికాలం పిల్లలను అహోబిలం తీసుకెళ్లాం. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు రాతిని చెక్కుతుంటే బస్సు ఆపించాం. అక్కడే పిల్లలకు ఒక పని అప్పజెప్పాం. సిబ్బందివి మూడే ఫోన్లు. ఒక్కొక్కరు మూడు ఫొటోలే తీయాలి. ఇక చూడండి! మామూలుగా అయితే పది సెల్ఫీలు తీసుకునేవాళ్లు, మూడే అనేసరికి ఆగి చూడడం మొదలుపెట్టారు. ఒకమ్మాయి విగ్రహాన్ని వదిలేసి, ఉలి పట్టుకున్న చేతిని, దాని మీద పేరుకున్న తెల్లటి రాతిపొడిని తీసింది. ఆ ఫొటో ఇప్పుడు మా డైనింగ్ హాల్లో ఉంది.

ఎగువ అహోబిలంలో, భవనాశి వాగు దగ్గర ఒక చెంచు అవ్వ ఉసిరికాయలు కుప్పలు పోసి అమ్ముతోంది. ముఖం మీద ఏటవాలుగా ఎండ పడుతోంది. ఎంత బాగుందో అనుకుని, అడగకుండానే మేమే ఫోన్ ఎత్తాం. అవ్వ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మా పక్కనున్న ఏడో తరగతి పాప, తనూ చెంచు బిడ్డే, మెల్లగా అంది: "మేడమ్, మా గూడేనికి ఎవరన్నా ఫోన్లు పట్టుకొని వస్తే మేమూ ఇట్లే దాక్కుంటాం."

పిల్లలకు పాఠం చెప్పే మాకు ఆ రోజు పిల్ల చెప్పింది పాఠం. ఫోన్ సంచిలో పెట్టేసి అవ్వ పక్కన కూర్చున్నాం. ఉసిరికాయలు కొన్నాం. ఏ గూడెం, పిల్లలెందరు అని మాట కలిపాం. కాసేపటికి అవ్వే అంది: "తీసుకోమ్మా. మరి నా పటం నాకియ్యవా?" ఇస్తామని మాట ఇచ్చాం. ఆ ఫొటో తీసింది మేము కాదు, ఆ పాపే.

ఈ ప్రశ్న ఒక్క అవ్వది కాదు. 1940లో ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, కృష్ణానదికి ఆవల అమ్రాబాద్ అడవుల్లో చెంచుల మధ్య ఉండి ఫొటోలు తీశారు. 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది. ఆ ఫొటోల భాండారం లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆనాటి విల్లంబులు, గుడిసెలు, మనుషుల ముఖాలు మనం చూడగలుగుతున్నామంటే ఆయన చలవే. కానీ మన ముత్తాతల ముఖాలను లండన్ దారిలో చూడాల్సి వస్తోంది. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆయన, ఆయన భార్య బెట్టీ ఆదిలాబాద్ గోండుల కష్టసుఖాల్లో నిలిచారు. అందుకే మార్లవాయిలో గోండులు ఇప్పటికీ వాళ్ల వర్ధంతి జరుపుతారు. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. మన ఊరు గుర్తుపెట్టుకునేది మనతో నిలిచినవాళ్లనే.

ఫొటో తీసేటప్పుడు మేము నేర్చుకున్న చిన్న చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. వెనక ఆకాశం తెల్లగా ఉంటే ఫోన్ ఆ వెలుగునే లెక్కలోకి తీసుకుని మన ముఖాలను నల్లగా చేసేస్తుంది. మనిషిని నీడలోకి పిలవాలి, లేదంటే తెర మీద ముఖం ఉన్నచోట వేలితో తాకాలి. సుగాలి పేటియా, కాంచళి మీది అద్దాలు మిట్టమధ్యాహ్నం కళ్లు చెదరగొడతాయి. పొద్దుటి ఏటవాలు ఎండలో ఒక్కో కుట్టూ కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ముఖాన్ని తెల్లగా చేసే బ్యూటీ ఫిల్టర్ తీసేయాలి. మా పిల్లల్లో ఒకరు అడిగారు, "ఇది నా రంగు కాదు కదా మేడమ్?" అని. కాదు తల్లీ. నీ రంగులో నిన్ను చూపించలేనిది ఫొటో ఎట్లా అవుతుంది?

అవ్వకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. పరీక్షలు, తనిఖీలు. అదీ మా తప్పే. నంద్యాలలో ప్రింటు వేయించి, లామినేషన్ చేయించి, ఆ పాపను వెంటబెట్టుకుని వెళ్లాం. అవ్వ పటం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అంది: "అచ్చం మా యమ్మ మాదిరే ఉండాను గదే!" ఆమె తల్లి ఫొటో ఒక్కటీ లేదు. తల్లి పోయిన ఇన్నేళ్లకు, తన ముఖంలోనే తల్లిని చూసుకుంది. పక్కనున్న కొడుకు అన్నాడు, ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప అమ్మకు ఇదే మొదటి ఫొటో అని.

తిరుగు ప్రయాణంలో ఆ పాప ఏమీ మాట్లాడలేదు. హాస్టల్ గేటు దగ్గర దిగుతూ అడిగింది: "మేడమ్, సెలవులకు పోయినప్పుడు మా జేజిని తీసేదానికి ఫోన్ ఇస్తారా?" తృప్తి అంటే ఏమిటని మమ్మల్ని అడిగితే, ఆ ప్రశ్నే మా జవాబు.

ఈ సభలో ఉన్నవాళ్లకు మా విన్నపాలు మూడు. అడిగి తీయండి. తీసింది వాళ్ల చేతికి తిరిగి ఇవ్వండి. పిల్లల ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టే ముందు పిల్లలనూ, వాళ్ల ఇంట్లోవాళ్లనూ అడగండి. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వనో తాతనో నీడలో కూర్చోబెట్టి, మాట కలిపి, ఒక్క ఫొటో తీయండి. వెనకాల పేరు, ఊరు, తేదీ రాయండి. రేపు మన మనవరాళ్లు వాళ్లను వెతుక్కుంటూ లండన్ దాకా పోనక్కర్లేదు.

 జై ఆదివాసీ.