మూటను పంపినదెవరు?

కొవ్వూరు గట్టున నిలిచి గోదావరి వైపు చూచినచో, 1974లో ప్రారంభమైన వంతెనకు రెండంతస్తులు కనిపించును. క్రింద రైలు, పైన రహదారి. దేని త్రోవ దానిది. మన యిండ్లలోనికి వచ్చిన ఇంటర్నెట్టు తీగకు అట్టి యంతస్తులు లేవు.

ఆ యూర నొక గృహమును ఊహింతము. వృద్ధురాలైన తల్లి రాజమహేంద్రవరములోని వైద్యునితో తెరమీద మాటలాడుచున్నది. అదే కంప్యూటరు నెలనాటి ఫోటోలన్నిటిని దూరపు నిలువకు తనంత తానే పంపుచున్నది. ఫోటోలు గంట ఆలస్యమైన నష్టమేమి? ఆమె తన ఆయాసమును చెప్పుచుండగా మాట తెగిన మాత్రము నష్టమే. తీగకు రెండును ఒక్కటే.

మునుపు వీనిని వేరుచేయుట కొంత సులభము. సమాచారము చిన్న చిన్న పాకెట్లుగా పోవును. పాకెట్టు మీద గమ్యపు ద్వారసంఖ్య యుండును. 25 అనిన ఉత్తరము, 80 అనిన వెబ్ పుట. నేడో, పెక్కు విధముల సమాచారము 443 అను ఒక్క ద్వారముననే రహస్యలిపిలో పోవుచున్నది. సీలు వేసిన వ్యాగనులో బెల్లమున్నదో బొగ్గున్నదో పైనుండి తెలియునా?

కావున సరుకును విడిచి, పంపినదెవరని అడుగు పద్ధతి వచ్చినది. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్‌లు 2006లో ఆరంభించిన పని 2008లో లినక్స్‌లో చేరినది. కంప్యూటరులో నడచు ప్రోగ్రాములను గుంపులుగా కూర్చుట దాని పని. 2009లో గుంపునకొక సంఖ్య నిచ్చు ఏర్పాటు వచ్చినది. ఆ గుంపు తెరచిన ప్రతి సాకెట్టుకును ఆ సంఖ్య అంటుకొనును. పాకెట్టు వెలుపలికి పోవు చోట దానిని చూచి, వైద్యునితోడి మాటను ముందు వరుసలో, ఫోటోలను వెనుక వరుసలో నిలుపవచ్చును.

మాకు మిక్కిలి నచ్చినది ఇందలి వంశక్రమము. ఒక ప్రోగ్రాము మరియొకదానిని పుట్టించినచో, పిల్ల తల్లి గుంపులోనే పుట్టును, ఇంటిపేరు వచ్చినట్లు. ఫోటోల ప్రోగ్రాము పదిమందిని కన్నను పదుగురును వెనుక వరుసవారే.

అయినను ఈ సంఖ్య యంత్రపు గడప దాటదు. పాకెట్టు మీద వ్రాయబడదు. పక్క గదిలో మరియొకరు ఫోనులో చూచు సినిమాకు గాని, వెలుపలినుండి వచ్చు సరుకునకు గాని ఇది వర్తింపదు. మరియొక మెలకువ కలదు. తీగ వేగముకన్న కొంచెము తక్కువ పరిమితిని మన కంప్యూటరుననే విధింపవలెను. లేనిచో వరుస మన యంత్రమున గాక గోడనున్న రౌటరు పెట్టెలో కట్టును. అచట మన గుంపుల మాట చెల్లదు. చాలమంది దీనినే మరచి, పద్ధతి పనికిరాదని నిందింతురు.

2016లో స్థిరపడిన గుంపుల రెండవ రూపమున ఈ సంఖ్యల ఏర్పాటును చేర్చలేదు; గుంపు పేరును చూచియే పాకెట్టును గుర్తింపవచ్చును. అంకెలకన్న పేర్లే మేలని మా అభిప్రాయము. ఆరునెలల పిమ్మట ఏ సంఖ్య ఎవరిదో ఎవరికి జ్ఞప్తియుండును?

ఫోటోలకు మాత్రము అన్యాయమేమియు జరుగదు. వైద్యునితోడి సంభాషణ ముగిసి తీగ ఖాళీయైనంతనే వెనుక వరుసయు పూర్తి వేగమున కదలును.