తుఫాను వేళ వార్త చేరవేయు తీగ
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోన్లు చాలవరకు నిలిచిపోయినవి. అట్టి సమయమున బ్యాటరీతో నడచు హామ్ రేడియో గ్రామమును జిల్లా కేంద్రముతో కలుపగలదు. లైసెన్సు గలవారే దానిని నడుపవలెను. ఏరియల్‌కు చోటు, స్తంభములు సమకూర్చుట పంచాయతీ చేయదగిన సహాయము.

7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ ఏరియల్ పొడవు సుమారు 20 మీటర్లు. నడుమనుండి రెండు చేతులు చెరి 10 మీటర్లు. ఆ నడుమనుండి రేడియోకు దిగునదే ఫీడ్‌లైను. ఒక్క బ్యాండుకే అయినచో 50 ఓముల కోయాక్సియల్ కేబులు చాలును. దానిని గోడవెంట, ఇనుప స్తంభము వెంట దింపవచ్చును. ఒకే ఏరియల్ పెక్కు బ్యాండ్లకు పనిచేయవలెనన్నచో జంటతీగల నిచ్చెన లైను, దానికి ట్యూనరు మేలు. అందు నష్టము స్వల్పము. కాని లోహమునకు దూరముగా ఉంచవలెను.

డైపోల్ రెండు చేతులును సమానములు. కోయాక్సియల్ కేబులు అట్టిది కాదు. బాలన్ లేనిచో కొంత ప్రవాహము కేబులు లోహపు అల్లిక వెలుపలివైపున పారును. ఆ త్రోవనే ఇండ్లలోని మోటార్ల రొద రేడియోలో చేరును. దూరపు మాట వినబడదు. కావున తగిన ఫెరైట్ కడియమునకు కేబులును పది పండ్రెండు చుట్లు చుట్టి, ఆ 1:1 బాలన్‌ను ఏరియల్ నడుమ కట్టవలెను. అతుకులలో నీరు చేరకుండ మూయవలెను.

అన్నిటికంటె ముఖ్యము: తెగిపడినను కరెంటు తీగలకు తగలని చోటనే ఏరియల్ కట్టవలెను. తుఫాను రాకముందే కట్టించి, మాటలాడించి, పరీక్షించి ఉంచుడు. ఆపదవేళ అదియే మీ గ్రామమునకు గొంతు కాగలదు.