అంచున రాత, తెర మీద చర్చ

పాఠం కాగితం మీద చదువుతుంటే చెయ్యి ఊరుకోదు. గీత గీస్తాం, అంచున ప్రశ్న రాస్తాం. ఆ ప్రశ్న మనతో పాటు చదివే మిగతావారికి చేరాలంటే ఫోను కావాలి.

వెడల్పుగా అంచు వదిలి పాఠం ప్రింటు తీయండి. ప్రతి పేరాకూ వరుస సంఖ్య వేయండి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేస్తే పేజీలు మారిపోవచ్చు, 7వ పేరా మాత్రం 7వ పేరాగానే ఉంటుంది. ముందు ఎవరికి వారు కాగితం మీదే రాసుకోవాలి. లేకపోతే మొదట మాట్లాడినవాళ్ల అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది. తర్వాత ఆ ప్రశ్నల్ని అదే పాఠం ఉన్న ఉమ్మడి గూగుల్ డాక్యుమెంట్‌లో, అదే పేరా పక్కన కామెంట్లుగా చేర్చండి.

చేతిరాతను ఉన్నదున్నట్టు తెర మీదికి తేవడానికీ దారులున్నాయి. స్వీడన్‌లో పుట్టిన అనోటో పద్ధతిలో, కాగితంపై ఉన్న సన్నటి చుక్కల్ని పెన్నులోని కెమెరా చదివి రాతను కంప్యూటరుకు చేరవేస్తుంది. మనకు ఫోను ఫొటో చాలు. లేత పెన్సిలు రాత ఫొటోలో సరిగా పడదు, పగటి వెలుగులో చెయ్యి నీడ పడకుండా తీయండి.