మన గూట్లో గుడ్డు ఎవరి కంచంలోకి?
(దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మేం మాట్లాడేది భూమి గురించి కాదు, కూలి రేట్ల గురించీ కాదు. కోడి గురించి, గుడ్డు గురించి. ఇదేం రాజకీయమని నవ్వకండి. మనిషి ఏం తినాలో, ఏం తినకూడదో ఇంకొకడు చెప్పే దేశంలో కంచాన్ని మించిన రాజకీయం లేదు.

మన వాడలో ఏ గడప చూసినా పెరట్లో నాలుగు పెట్టలుంటాయి, ఓ పుంజు ఉంటుంది. సెంటు భూమి లేని ఇంట్లోనూ కోళ్లగూడు ఉంటుంది. సొంత పెట్ట లేని ఆడమనిషి పక్కింటి పెట్టను పాలుకు తెచ్చి పెంచి పిల్లల్లో సగం తీసుకుంటుంది. తవుడూ నూకలూ వేసేది ఆమే, పొద్దుగూకితే గంప కింద మూసేది ఆమే, గద్ద వస్తే అదిలించేది ఆమే. మరి ఇంత చాకిరీ చేసే ఆ తల్లి వారంలో ఎన్ని గుడ్లు తింటోంది? ఆమె కడుపున పుట్టిన పిల్ల ఎన్ని తింటోంది? మీ ఇంట్లో మీరే లెక్కేసుకోండి.

మా లెక్క మేం చెప్తాం. గుడ్డు కొట్టుకు పోతుంది, ఉప్పూ చింతపండూ వస్తాయి. పుంజు సంతకు పోతుంది, ఆస్పత్రి ఖర్చుకో పిల్ల పుస్తకాలకో సరిపోతుంది. మిగిలిన పెట్ట చుట్టం వచ్చిన రోజున కోతకొస్తుంది. ఆ రోజు ముక్కలు చుట్టానికీ ఇంటాయనకీ, పులుసు ఆడవాళ్లకీ. అంటే కోళ్లు పెంచే ఇంట్లోనే మనిషి ఏడాదిలో ఎక్కువ రోజులు శాకాహారి. దీన్ని ఎవరూ శాకాహారమని మెచ్చుకోరు, దండ వేయరు. ఎందుకంటే ఇది వ్రతం కాదు, లేమి.

శాకాహారం రెండు రకాలని మనం తెలుసుకోవాలి. పెద్దింట్లో శాకాహారమంటే ముద్దపప్పు, నెయ్యి, రెండు కూరలు, గడ్డపెరుగు. మన ఇంట్లో శాకాహారమంటే గొడ్డుకారం, నీళ్ల చారు. పేరొకటే గానీ ఆ కంచం వేరు, ఈ కంచం వేరు. నెత్తురు పట్టడానికి కావలసిన బి12 విటమిను కూరగాయల్లో, పప్పుల్లో ఉండదు. పాలల్లో, గుడ్డులో, చేపలో, మాంసంలో ఉంటుంది. వాళ్లకు పాడి ఉంది. మనకు పాడీ లేక, గుడ్డూ అమ్ముకుంటే ఇంకేం మిగిలింది?

మిగిలింది రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి, ఆంధ్రలో నూటికి 63 మందికి రక్తం తక్కువని తేలింది. ఆడవాళ్లలో రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలంటోంది. అంటే రెండ్రోజులకో గుడ్డు. మన తల్లుల వాటా ఎంతో ఇందాక లెక్కేసుకున్నాం గదా!

ఇంత అవసరమైన తిండికి మన భాషలో పెట్టిన పేరు చూడండి. చేపకీ మాంసానికీ 'నీచు' అని పేరు. ఆ మాట చెవిన పడితే 'నీచుడు' అన్నట్టే వినబడుతుంది. పట్నంలో గది అద్దెకు అడిగితే, "మీరు నీచు తింటారా?" అంటారు. అది తిండి గురించి అడిగిన మాట కాదు. కులం అడగడానికి సిగ్గుపడి కూర అడుగుతున్నారు. 2014లో ప్రభుత్వం చేసిన సర్వేలో పదిహేనేళ్లు దాటిన వాళ్లలో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 98 మంది మాంసాహారులేనని తేలింది. ఇద్దరు తిననిది నీచమైపోయి, తొంభై ఎనిమిది మంది తలొంచుకోవాలా?

ఈ తల ఒంపు ఎలా వచ్చిందో బాబాసాహెబ్ అంబేద్కర్ 1948లో అచ్చయిన 'అంటరానివాళ్లు ఎవరు' అనే పుస్తకంలో విప్పి చెప్పారు. ఒకప్పుడు యజ్ఞాల్లో మాంసం తిన్నవాళ్లే, బౌద్ధం మీద పైచేయి సాధించడానికి మాంసం మానేసి, తినేవాళ్లను కిందికి తోశారని ఆయన వాదం. అంటే ఇది రుచుల తగాదా కాదు, పెత్తనం తగాదా.

"మరి అంబేద్కరే మాంసం మానమన్నాడు గదా" అని కొందరు అడుగుతారు. సరిగ్గా చదవండి. 1927లో మహద్ సభలో ఆయన మానమన్నది చచ్చిన గొడ్డు మాంసం. ఊరు పారేసిన కళేబరాన్ని ఈడ్చుకొచ్చి తినే బతుకును మానమన్నారు. పారేసిన కూడుతో పాటు బానిసతనమూ వస్తుంది గనక. మన గూట్లో కోడి ఎవరూ పారేసింది కాదు. మన నూకలు తిని మన వాకిట్లో పెరిగింది. దాన్ని తినడంలో సిగ్గేముంది? హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ కూడా సారా మానమన్నారు, జోగినిని ఆపమన్నారు, జాతరల్లో బలులు వద్దన్నారు. ఆయన మాటతో మనకు ఏకీభావం ఉన్నా లేకున్నా, అది జాతి బాగు కోరి లోపలి మనిషి చెప్పిన మాట. బయటివాడు ముక్కు మూసుకుని చెప్పే మాటకీ దానికీ పోలిక లేదు.

పైగా ముక్కు మూసుకునేవాళ్ల పెద్దలు మన కోడిని వదిలింది లేదు. నిజాం కాలంలో దొరలకూ గస్తీకొచ్చే అధికార్లకూ వెట్టి కింద గొర్రెలూ కోళ్లూ ఉత్తపుణ్యానికి ఇచ్చుకున్నారు మన తాతలు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మను సామెత పెట్టి ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆ ముసలమ్మ మన ముసలమ్మే. ఆమె కోడి కూతకు లేచి, ఆమె కుంపట్లో నిప్పు పట్టుకుపోయిన ఊరే ఆమెను చూసి నవ్వింది.

ఇప్పుడు పోరు బడి దగ్గరికొచ్చింది. 2015లో మధ్యప్రదేశ్‌లో అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ తోసిపుచ్చారు. ఆకలి ఎక్కువున్న ఆదివాసీ పిల్లల కోసం వచ్చిన ప్రతిపాదన అది. 2021 డిసెంబరులో కర్ణాటకలో వెనకబడిన జిల్లాల బళ్లలో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు అడ్డం తిరిగారు. కొప్పళ జిల్లా గంగావతిలో ఒక బడిపిల్ల గుడ్డు కావాల్సిందేనని నిలబడి మాట్లాడితే దేశమంతా విన్నది. మరుసటి ఏడు ఆ రాష్ట్రమంతా గుడ్డు వచ్చింది. చిన్నపిల్ల నోరు తెరిస్తే ఇంత అయింది. పెద్దవాళ్లం మనం నోరు మూసుకుందామా?

ఒక మాట సూటిగా చెప్పాలి. మన వాడలోనూ మాల వేసుకునేవాళ్లున్నారు, శనివారం ముట్టనివాళ్లున్నారు, మొత్తానికే మానేసినవాళ్లున్నారు. తినకపోవడం వాళ్ల హక్కు, మేం గౌరవిస్తాం. కానీ నాయన మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు బాలింతకూ పసిపిల్లకూ గుడ్డు బందు చేయడం ఏం న్యాయం? దీక్ష నాయనది, ఆకలి పిల్లది. జీవహింస అని బాధపడేవాళ్లకు ఇంకో సంగతి. పుంజు తగలని పెట్ట పెట్టిన గుడ్డులో పిల్ల ఉండదు, ఎన్నాళ్లు పొదిగినా లేవదు. ఫారం గుడ్లన్నీ అలాంటివే.

ఇక చేయాల్సిన పని.

ఒకటి. గూట్లో గుడ్డు మీద మొదటి హక్కు పిల్లదీ, గర్భిణిదీ, బాలింతదీ. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. అయిదు పెట్టలుంటే తక్కువలో తక్కువ 250. నూరు పొదుగుకు పెట్టినా 150 మిగులుతాయి. వారానికి రెండు చొప్పున ఒక పిల్లకు ఏడాదికి 104 చాలు. అమ్మక తప్పని ఇల్లయితే, నాటు గుడ్డు ధర ఎక్కువ గనక అది అమ్మి, ఆ డబ్బుతో ఫారం గుడ్లు కొని పెట్టండి. పోషకంలో పెద్ద తేడా లేదు.

రెండు. మన కోళ్లను తినేది మనకన్నా ఎక్కువ కొక్కెర తెగులే. ఒక్క వారంలో వాడంతా ఖాళీ చేస్తుంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. మందు సీసా ఒకసారి కలిపితే దాచిపెట్టడానికి లేదు, ఒక సీసా నూరు కోళ్లకు వస్తుంది. అందుకే ఒక్కో ఇల్లు పోతే పని కాదు. వాడంతా ఒకే రోజు, కోళ్లు గూళ్లలో ఉండగా తెల్లారకముందే వేయించాలి. పశువుల డాక్టరును వాడకు రప్పించడం సంఘం పని.

మూడు. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికీ బాలింతకూ అంగన్‌వాడీలో రోజుకో గుడ్డు రావాలి. రెండు రాష్ట్రాల్లోనూ బడి భోజనంలో గుడ్డు ఉండాలి. పెడుతున్నారా, లెక్క రాసి మింగుతున్నారా? తల్లులు పోయి చూడాలి. బడిలో వంటపనికి దళితులకు ముందు అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఆ గుడ్డు ఉడికించే చెయ్యి మనదయిందా లేదా అన్నదీ అడగాలి.

నాలుగు. "నీచు తింటారా?" అని అడిగితే తలొంచొద్దు. తింటాం, మా పెరట్లో పెంచుకుని తింటాం అని చెప్పండి.

తినేవాడు తినొచ్చు, మాననివ్వండి మానేవాణ్ణి. కానీ లేక మానడం ఉండకూడదు, భయపడి మానడం అసలే ఉండకూడదు. రేపు పొద్దున గంప ఎత్తినప్పుడు దొరికే మొదటి గుడ్డు కొట్టుకు పోకుండా మన పిల్ల కంచంలో పడాలి.

జై భీమ్!