మెయిన్ ఆపినా షాక్ కొట్టింది! ఎగ్జాస్ట్ ఫ్యాన్ మార్చే ముందు ఇది చూడండి

ఈరోజు ఎపిసోడ్ బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి. ఫ్యాన్ బిగించడం పెద్ద పనేం కాదు. నాలుగు స్క్రూలు, రెండు మూడు వైర్లు, అంతే. దానికి ముందు కరెంట్ ఆపడమే అసలు పని. అది నాకు షాక్ తిన్నాకే అర్థమైంది.

మా ఇంట్లో ఫ్యాన్ కాలిపోతే కొత్తది తెచ్చాను. గోడ మీద స్విచ్ ఆపితే చాలదని నాకు ముందే తెలుసు. ఎందుకంటే ఆ స్విచ్ ఒక్క వైరునే కట్ చేస్తుంది. వైరింగ్ చేసినవాళ్లు పొరపాటున దాన్ని ఫేజ్‌కి కాకుండా న్యూట్రల్‌కి పెట్టి ఉంటే, ఫ్యాన్ ఆగుతుంది కానీ ఫేజ్ ఫ్యాన్ దాకా వస్తూనే ఉంటుంది. అందుకే నేను ఏకంగా మెయిన్ ఆపేశాను. ఫ్రిజ్ ఆగింది. పగలు కాబట్టి లైట్లు ఏవీ వేసి లేవు. ఇంకేం, స్టూల్ ఎక్కి వైరు పట్టుకున్నా.

ఎవరో చేతి మీద లాగి కొట్టినట్టయింది. స్టూల్ జారింది, గోడకి గుద్దుకుని కింద పడ్డాను. మోచెయ్యి కమిలింది, అంతటితో పోయింది. మనింటి కరెంట్ 230 వోల్టులు. నేల తడిగా ఉండి, వైరు చేతికి అతుక్కుని ఉంటే ఈ వీడియోనే ఉండేది కాదు.

మా బాబాయి ఎలక్ట్రీషియన్. ఫోన్ చేసి మొత్తం చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు: "ఒరేయ్, మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదరా?"

అదీ సంగతి. నేను మెయిన్ ఆపాను. ఇన్వర్టర్ ఏమనుకుంది? కరెంట్ పోయింది అనుకుంది. వెంటనే బ్యాటరీ నుంచి కరెంట్ ఇచ్చేసింది. ఫ్రిజ్ ఇన్వర్టర్ లైన్ మీద లేదు కాబట్టి ఆగింది, బాత్రూమ్ ఫ్యాన్ ఆ లైన్ మీదే ఉంది. "మరి ఆర్‌సీసీబీ ఉంది కదా బాబాయ్" అన్నాను. "అది మెయిన్ పక్కన ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంట్ దానిలోంచి రాదు కదా" అన్నారు.

ఆ తర్వాత బాబాయి చెప్పినట్టే చేశాను. మీరూ ఇదే వరుసలో చేయండి.

ముందు టెస్టర్‌ని పనిచేస్తున్న ప్లగ్‌లో పెట్టి, వెనక మెటల్ మూత మీద వేలు ఆనించి, లైట్ వెలుగుతోందో లేదో చూడండి. చచ్చిపోయిన టెస్టర్ కూడా "కరెంట్ లేదు" అనే చెబుతుంది మరి!

తర్వాత మెయిన్ ఆపండి, ఇన్వర్టర్ ముందున్న స్విచ్ కూడా ఆపండి. రెండూ ఆపాలి. ఇన్వర్టర్ ఒక్కటే ఆపితే మెయిన్ కరెంట్ దాని గుండా అలాగే వెళ్లిపోవచ్చు. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ లైన్ వేరేగా వస్తుంటే దాని ఎంసీబీ కూడా ఆపాలి.

మెయిన్ మీద టేపు వేసి "పని జరుగుతోంది, ఆన్ చేయొద్దు" అని రాయండి. ఇంట్లో అందరికీ నోటితో కూడా చెప్పండి. లేకపోతే అమ్మ వచ్చి "అయ్యో, మెయిన్ పడిపోయిందే" అని మంచి మనసుతోనే పైకి లేపేస్తుంది.

ఇప్పుడు పొడి చెప్పులు వేసుకుని, కదలని స్టూల్ ఎక్కండి. బకెట్ బోర్లించి ఎక్కొద్దు ప్లీజ్. ఫ్యాన్ స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. అది ఆఫ్‌లో ఉంటే, వెనకాల కరెంట్ ఉన్నా టెస్టర్‌కి తెలియకపోవచ్చు. ఫ్యాన్ ఎలాగూ కాలిపోయింది కాబట్టి, తిరగట్లేదంటే కరెంట్ లేదని కాదు. అన్ని వైర్లనూ చెక్ చేయండి. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్ అని రంగుని నమ్మొద్దు. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, మూడూ చూడండి.

చివరగా టెస్టర్‌ని మళ్లీ కరెంట్ ఉన్న ప్లగ్‌లో చూడాలి. మనింట్లో అన్నీ ఆపేశాం కదా, నేను పక్కింటి ఆంటీ వాళ్లింటికి వెళ్లి చూశాను. ఆవిడ నవ్వారు, నవ్వనీయండి. టెస్టర్ అక్కడ వెలిగింది అంటే, మా బాత్రూమ్‌లో అది చెప్పింది నిజమే అన్నమాట. అప్పుడే వైరు మీద చెయ్యి వేశాను.

ఎక్కడైనా టెస్టర్ వెలిగినా, వైరు మీద తొడుగు పొడిపొడిగా రాలుతున్నా, ఏ లైన్ ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాకపోయినా దిగిపోండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ వీడియో అయ్యాక ఒక చిన్న పని చేయండి ఫ్రెండ్స్. ఇంట్లో మెయిన్ ఆపి, ఏ లైట్లు, ఏ ఫ్యాన్లు ఇంకా పనిచేస్తున్నాయో చూసి ఒక కాగితం మీద రాసి, మెయిన్ బోర్డు తలుపు లోపల అంటించండి. ఐదు నిమిషాల పని. రేపు ఆ స్టూల్ ఎక్కేది మీరే కానక్కర్లేదు, మీ నాన్నగారో తమ్ముడో కావచ్చు. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త!