విత్తనము కూడ పగులు సరకే

(సంగారెడ్డి జిల్లా గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వరకు 65వ జాతీయ రహదారి ప్రక్కన ఒక పూట నిలిచి చూచినచో ఎన్ని విధముల సరకు లారీలపై పోవుచున్నదో తెలియును. మందుల సీసాలు, యంత్రభాగములు, విద్యుత్ పరికరములు కర్మాగారముల నుండి వెడలుచుండును. పగులు సరకు గల పెట్టెపై గాజు గ్లాసు బొమ్మ యుండును. ఏ వైపు పైకి ఉండవలెనో బాణపు గుర్తు తెలుపును. ఆ గుర్తు చూచి దింపువాడు చేయి నెమ్మది చేయును. అదే రహదారిపై విత్తనపు బస్తాలు కూడ పోవుచున్నవి. వానిపై అట్టి బొమ్మ యుండదు. లారీ మీది నుండి తోసివేసినను, కొక్కెముతో గ్రుచ్చి లాగినను అడుగువారు అరుదు. గాజు పగిలినచో చప్పుడగును. విత్తనము పగిలిన సంగతి పది దినములకు గాని, అదియు పొలములో గాని తెలియదు.

శనగ గింజను చేతిలోనికి తీసికొని చూడుడు. ఒక కొన ముక్కు వలె ముందుకు పొడుచుకొని యున్నది. రేపు వేరు కావలసిన మొలక ఆ ముక్కులోనే యున్నది. పైన పలుచని పొర తప్ప దానికి వేరొక రక్ష లేదు. గింజ గట్టినేలపై పడినపుడు ఆ ముక్కుకే దెబ్బ తగులును. గింజ చూపునకు నిండుగానే యుండును, తూకము తగ్గదు, పప్పునకు పనికివచ్చును. మొలకెత్తదు, లేక వంకర మొలక వచ్చి మట్టిని చీల్చుకొనలేక లోననే కుళ్లును. వేరుశనగ, మనవైపు పల్లీ యందురు, ఇంకను సుకుమారము. దాని ఎర్రని పొర చేతి రాపిడికే ఊడును. పొర ఊడిన గింజలోనికి బూజు సులభముగా ప్రవేశించును, బద్దలు రెండుగా విడిపోవును.

ఈ సంగతి బాగుగా ఎరిగిన స్థలము మన జిల్లాలోనే కలదు. 1972లో పటాన్‌చెరులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ విత్తననిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, ఇతర చిరుధాన్యములకు చెందిన 1,20,000 పైచిలుకు రకములు భద్రపరచబడి యున్నవి. అచ్చట విత్తనమును ఎండలో ఆరబోయరు. 15 డిగ్రీల చల్లదనము, 15 శాతము మాత్రమే గాలితేమ గల గదిలో మెల్లగా ఆరబెట్టెదరు. దీర్ఘకాలము నిలువ చేయదలచిన దానిని అల్యూమినియపు రేకు సంచులలో, లోని గాలి తీసి, మూతి అతికించి, సున్నకు దిగువన 20 డిగ్రీల శీతలములో ఉంచెదరు. ఇందులో ఒక చిక్కు కలదు. మొనగల గింజలు లోపలినుండి రేకును పొడుచును. సూదిమొన యంత రంధ్రము పడినను తేమ చేరి శ్రమ యంతయు వృథా యగును. కావున సంచి మందము, అతుకు గట్టితనము చూడక పెట్టెలో పెట్టరు.

ఈ నిధినుండి వందకు పైగా దేశములకు విత్తనములు వెళ్లినవి. నార్వే దేశపు ఉత్తరపు కొసన, స్వాల్‌బార్డు దీవులలో కొండను తొలిచి 2008లో తెరచిన విత్తన భాండారమునకు కూడ పటాన్‌చెరు విత్తనములు చేరినవి. ఎర్రనేలలో పండిన జొన్న గింజ మంచుకొండలోనికి పోయి నిద్రించుచున్నదన్నచో మనకు కొంత గర్వము కలుగుట సహజమే. అంత దూరము పోవు గింజకు అంత కట్టుదిట్టమున్నది. మండల కేంద్రము నుండి ఊరికి వచ్చు గింజకు లేదు.

తేమను గూర్చి ఒక లెక్క చెప్పెదము. గింజలో తేమ 5 నుండి 14 శాతము లోపల నున్నపుడు, ఒక్కొక్క శాతము తగ్గిన కొలది దాని ఆయుస్సు సుమారు రెట్టింపగునని విత్తన శాస్త్రజ్ఞుల అనుభవసూత్రము. శనగ, వేరుశనగ విత్తనములకు మామూలు సంచులలో 9 శాతము తేమ హద్దుగా మన దేశపు ధ్రువీకరణ ప్రమాణములు నిర్ణయించినవి. అయితే ఆరిన గింజ పెళుసు. నిలువకు మేలు చేయు ఆ పొడితనమే దెబ్బకు కీడు చేయును. తడి గింజ నలుగును, ఎండు గింజ చిట్లును. బాగుగా ఆరబెట్టితిమి గదా యని బస్తాను విసరుట అన్నిటికన్న చెడు.

శీతల గిడ్డంగినుండి తెచ్చిన విత్తనమును వెంటనే విప్పరాదు. చల్లని నీటి చెంబునకు వెలుపల చెమట పట్టినట్లు గింజలకును పట్టును. మూత తీయక, బయటి వేడికి వచ్చువరకు నీడలో ఉంచవలెను.

వేరుశనగకు ప్రకృతియే పెట్టె కట్టి యిచ్చినది. ఆ కాయ పెంకును మించిన కట్టు మనము చేయలేము. కావున విత్తనమునకై ప్రయాణము చేయించునపుడు కాయగానే పంపవలెను, విత్తుటకు కొలది దినముల ముందు మాత్రమే ఒలువవలెను. యంత్రముతో ఒలిచినచో చిట్లిన గింజలను ఏరివేయక తప్పదు.

ఇక దింపుడు. హమాలీలను నిందించుట మాకు సమ్మతము కాదు. బస్తాకింత అని కూలి యిచ్చి, నెమ్మదిగా దింపుమనుట న్యాయము కాదు. లారీనుండి నేలకు వాలుగా రెండు బల్లలు, క్రింద వరిగడ్డి గాని పాత గోనెలు గాని పరచుట పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. కొక్కెము వాడకుండుటకు బస్తాకు ఒక రూపాయి అధికమైనను ఇవ్వవచ్చును. ఒక మనిషి రెండు చేతులతో దించగల బరువునకు మించి సంచి నింపరాదు. దారిలో వాన వచ్చునను మాట మరువక టార్పాలిను, అనగా మన తాడిపత్రి, కప్పవలెను. కాని ఎండలో నిలిచిన లారీపై మధ్యాహ్నమంతయు దానిక్రింద విత్తనమును ఉడుకనీయరాదు. ఎరువుల బస్తాల ప్రక్కన, పురుగుమందు డబ్బాల క్రింద ఉంచరాదు. గిడ్డంగిలో చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను.

ఇంత పట్టుదల ఎందుకని అడుగువారుందురు. జహీరాబాదు వైపు నల్లరేగడిలో శనగ వర్షాధారముగా, నేలలో మిగిలిన తేమపై పెరుగు పైరు. ధ్రువీకరించిన శనగ విత్తనము నూటికి కనీసము 85 మొలవవలెను. దారి దెబ్బలకు అది 60కి దిగినదనుకొందము. ఎకరమునకు 25 కిలోలు చల్లిన రైతునకు ఆరు కిలోలకు పైగా మట్టిపాలగును. ఆ సొమ్ము కొంచెమే. మొలవని తావున మరల విత్తుదమన్నచో అప్పటికి పైమట్టి తేమ ఆరిపోవును. ఆ తావు ఆ యేడాదికి ఖాళీయే. కౌలు మాత్రము పూర్తిగా చెల్లింపవలెను.

ఆ ప్రాంతపు పస్తాపూరు కేంద్రముగా 1983 నుండి పనిచేయుచున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు మట్టి, పేడ అలికిన బుట్టలలో బూడిదె, వేపాకు కలిపి విత్తనములు దాచి, ఇరుగుపొరుగు ఊళ్లకు ఇచ్చుచున్నారు. విత్తనము పుట్టిన చోటికి దగ్గరగా ఉండుటయే మంచి రవాణా యని వారిని చూచిన మాకు తోచినది. అయినను అన్ని విత్తనములు ఊరిలో దొరకవు గనుక లారీ తప్పదు.

విత్తనము ఊరికి చేరిన దినముననే వేర్వేరు బస్తాలనుండి పిడికెడు చొప్పున తీసి కలిపి, 100 గింజలు లెక్కించి, తడిగుడ్డలో చుట్టి పాఠశాలలో ఉంచుడు. శనగ అయినచో ఎనిమిదవ దినమున పిల్లల చేత మొలకలు లెక్కింపుడు. వంకర మొలకలను, వేరు లేని వానిని లెక్కలో చేర్చరాదు. అనుమానము తోచినచో రాజేంద్రనగరులోని విత్తన పరీక్షాకేంద్రమునకు నమూనా పంపవచ్చును. దానిని ఉత్తరపు కవరులో పంపకుడు. తపాలా ముద్ర యంత్రపు రోలర్ల నడుమ గింజలు నలుగును. మొలక పరీక్షకు గుడ్డసంచిలో, తేమ పరీక్షకు గాలి చొరని సంచిలో వేరువేరుగా కట్టి, నడుమ కాగితపు ఉండలు గ్రుక్కి గట్టి అట్టపెట్టెలో పంపుడు. రకము పేరు, లాటు సంఖ్య, తీసిన తేది గల చీటీ ఒకటి సంచిలోపల, ఒకటి పెట్టెపైన ఉండవలెను.