వార్డు మాట, ఆస్పత్రి మార్పు

ప్రొద్దుటూరులోనో కడపలోనో జరగవలసిన సదస్సును రాజుపాలేనికి తెచ్చిన నిర్వాహకులను ముందుగా మెచ్చుకోవాలి. ఆస్పత్రుల గురించి మాట్లాడే సభ, పెద్దాస్పత్రికి ఆటో ఎక్కి పోవలసిన ఊళ్లో జరగడం న్యాయం.

మీ పత్రాల సారాంశాలు చదివాను. మనిషి తన గుంపును బట్టి తనను తాను ఎంచుకుంటాడని టాజ్‌ఫెల్, టర్నర్ 1979లో చెప్పిన సమూహ గుర్తింపు సిద్ధాంతం ఇక్కడ అందరికీ తెలుసు. ఎదుటివారి మాటతీరుకు మనం దగ్గరగానో దూరంగానో జరుగుతామన్న గైల్స్ వాదమూ కొత్త కాదు. వాటిని మళ్లీ వల్లించి మీ పొద్దు తీయను. నా ఉద్యోగమంతా, ఆ తరువాతి కాలమంతా ఒకే ప్రశ్న మీద తగువులాడాను. ఈ పూటా అదే అడుగుతాను. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి పగటి డ్యూటీ ఎక్కేటప్పుడు రోగిని ఏ భాషలో అప్పజెబుతున్నారు? ఆ మంచం చుట్టూ ఎవరెవరు నిలబడుతున్నారు? మనం సంస్థాగత మార్పు అని పెద్ద పేరు పెట్టుకున్నది నిలిచేదీ లేనిదీ ఆ పావుగంటలోనే తేలిపోతుంది.

మార్పులకు మన దగ్గర కొదవ లేదు. 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తు వచ్చింది. 2006లో కడపకు రిమ్స్ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ, 2015లో శుభ్రత కోసం కాయకల్ప వచ్చాయి. ప్రతి దానికీ ఉత్తర్వులు, రిజిస్టర్లు, తనిఖీ పట్టికలు వెంట వచ్చాయి. వీటిలో జనానికి వెంటనే అందింది ఆరోగ్యశ్రీ. దానికి డబ్బు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. కార్డు పట్టుకొని కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కిన మనిషికి అక్కడ ఆరోగ్యమిత్ర కనబడింది. ‘ఏ ఊరు పెద్దాయనా, యాడ నొప్పి?’ అని అడిగే మనిషిని ఆ వ్యవస్థ లోపలే కూర్చోబెట్టారు. మిగతా సంస్కరణలలో అలాంటి మనిషికి చోటు ఇవ్వలేదు.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, గర్భసంచి ఆపరేషనయిన ఒకామె మంచం దగ్గర పొద్దున అప్పగింత జరుగుతోంది. హౌస్ సర్జన్ ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయాడు. బీపీ, పల్సు, సెలైను, యాంటీబయాటిక్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాత్రంతా వార్డులో తిరిగిన ఎఫ్ఎన్ఓ, అంటే ఆడ నర్సింగ్ ఆర్డర్లీ, గోడవారగా నిలబడి ఉంది. ఎవరూ అడగలేదు, ఆమె నోరు విప్పలేదు. మేం రెండు మంచాలు దాటినాక హెడ్ నర్సు చెవిలో మెల్లగా అంది: ‘అక్కా, గొట్టం తీసినప్పట్నుంచీ ఆ యమ్మ ఒంటికి పోల్యా.’ వెనక్కి వెళ్లి చూస్తే పొత్తికడుపు బిగుసుకుపోయి ఉంది. మూత్రం నిలిచిపోయింది. సకాలంలో చూశాం గనుక ఆమె క్షేమంగా ఇల్లు చేరింది. ఆ వార్డులో రాత్రి జరిగిన అతి ముఖ్యమైన సంగతి కేస్ షీటులో లేదు, ఇంగ్లీషు రాని మనిషి దగ్గర ఉంది.

మరుసటి వారం నుంచి అక్కడ అప్పగింత తెలుగులో మొదలైంది. మందుల పేర్లు, మోతాదులు ఇంగ్లీషులోనే ఉంచాం, వాటి జోలికి పోలేదు. ముందు ఎఫ్ఎన్ఓ, తరువాత నర్సు, చివర డాక్టరు చెప్పాలన్నది పద్ధతి. కేరళ నుంచి వచ్చిన సిస్టర్లు మా అందరికంటే ముందు ఆ తెలుగును పట్టుకున్నారు. కొన్ని నెలలకు నేను గమనించింది ఇది: 1998 నియమాలతో వచ్చిన వ్యర్థాల రంగు డబ్బాలు అంతవరకూ ఎంత చెప్పినా కలగాపులగంగా నిండేవి. వాటిని ఇప్పుడు ఊడ్చే మనుషులే ఒకరికొకరు చెప్పి సరిచేసుకున్నారు. డబ్బాల గురించి ఎవరూ కొత్తగా శిక్షణ ఇవ్వలేదు. పొద్దున మంచం దగ్గర తమ మాట చెల్లింది గనుక ఆ వార్డు తమదనిపించింది.

ఇది ఒక వార్డు ముచ్చటేనని, రుజువు కాదని ఒక మేనేజ్‌మెంట్ ఆచార్యులు గతంలో ఇలాంటి వేదిక మీదనే కొట్టిపారేశారు. వారికి జవాబు బాకీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ భద్రతా పట్టికలో, కోత పెట్టే ముందు థియేటర్లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, చేసే పని చెప్పాలన్న అంశం ఉంది. ఢిల్లీతో సహా 8 నగరాల ఆస్పత్రుల్లో దాన్ని అమలుపరిస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రకటించారు. అదే పట్టికను కెనడాలోని ఒంటారియోలో ప్రభుత్వ విధానంగా 101 ఆస్పత్రుల్లో ప్రవేశపెడితే చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. కారణాల మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నా తీర్పు మాత్రం ఒక్కటే. పక్కనున్నవాణ్ణి తనవాడిగా ఎంచి నోరు తెరిచిన చోట ఆ పట్టిక పనిచేసింది, పై నుంచి వచ్చిన ఆజ్ఞ కింద టిక్కు పెట్టిన చోట కాగితంగా మిగిలింది.

ఇక్కడికి దగ్గరలోనే ఇంకో సాక్ష్యం ఉంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆస్పత్రి 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం అనే ఉమ్మడి చర్చి ఏర్పడ్డాక ఆ సంఘం కిందికి వచ్చింది. పైన యాజమాన్యం మారినా జనం నోట అది క్యాంబెల్ ఆస్పత్రిగానే ఉండిపోయింది. విలీనాల మీద పరిశోధించినవారు ‘పాత గుర్తింపు కొనసాగుతోందన్న భావన ఉంటే మార్పు మింగుడుపడుతుంది’ అంటారు. అది చదివినప్పుడల్లా నాకు జమ్మలమడుగే గుర్తుకొస్తుంది. ఇవాళ ఏరియా ఆస్పత్రులను, జిల్లా ఆస్పత్రులను బోధనాస్పత్రులుగా మార్చే పెద్దలు ఈ సంగతి పట్టించుకోవాలి. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు సిబ్బందిని కాగితం మీద తరలిస్తే, ఇరవై ఏళ్లుగా అక్కడ పనిచేసిన నర్సు తన ఆస్పత్రిలోనే పరాయిదవుతుంది.

సమూహ గుర్తింపును ఆకాశానికెత్తే పత్రాలు ఈసారి చాలా వచ్చాయి. వాటితో నాకు పేచీ ఉంది. ఆస్పత్రిలో గుంపుల పుట్టుక కులంతో ముడిపడి ఉందని ఆ పత్రాల్లో ఒక్క వాక్యం లేదు. ఊడ్చే పని తరతరాలుగా ఏ కులాల మీద పడిందో మనందరికీ తెలుసు. ఆ పనిని ఇప్పుడు అవుట్‌సోర్సింగ్‌లో పెట్టి, వేరే యూనిఫాం తొడిగి, వేరే ఏజెన్సీ చేత ఆలస్యంగా జీతం ఇప్పిస్తూ, ‘మన ఆస్పత్రి’ అనుకోమంటే ఎట్లా అనుకుంటారు? భాష ఒక్కటే దీన్ని తీర్చలేదు. జీతం, పర్మినెంటు ఉద్యోగం, కూర్చోను కుర్చీ కూడా ఇవ్వాలి. అయితే అవి అడిగేందుకైనా వాళ్ల గొంతు ఆ గదిలో వినబడాలి.

పారిభాషిక పదాల కోసం జీవితం ధారపోసిన మిత్రులు నా మీద కోపగించుకోవద్దు. స్టెతస్కోపుకు సంస్కృత సమాసం కట్టినంత మాత్రాన వార్డు తెలుగుదైపోదు. సెలైను, సూదిమందు, ఓపీ చీటీ, కట్టుగది, పురుళ్ల వార్డు అనే మాటలను పనిచేసేవాళ్లే తయారు చేసుకున్నారు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తి పదకోశంలో 1962లో వ్యవసాయపు మాటలను, 1971లో చేనేత మాటలను పోగుచేసి దారి చూపారు. ఆ వరసలో ఆస్పత్రి పని ఏది? ‘వైద్యుడు లేని చోట’, 1991 నాటి ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకాలు రోగికి, ఇంట్లో ఆడవాళ్లకు తెలుగులో వైద్యం చెప్పాయి. వార్డులో చాకిరీ చేసే మనిషి మాటను పట్టుకొని రాయడం ఎవరి బాధ్యతగానూ లేకుండా పోయింది. సదస్సు తరువాత సదస్సు జరుగుతోంది. ఎంఎన్ఓలనే మగ ఆర్డర్లీలు, ఎఫ్ఎన్ఓలు, డ్రెస్సర్లు రిటైరై వెళ్లిపోతున్నారు. పాత కాంపౌండర్ల తరం దాదాపు ముగిసింది.

అందుకని పరిశోధక విద్యార్థులకు నా విన్నపం. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ఆస్పత్రుల్లో అనుమతి తీసుకొని, రోగి పేరు ఎక్కడా రాకుండా, పొద్దుటి అప్పగింతలను రికార్డు చేయండి. ఎవరు ఎంతసేపు మాట్లాడారో, ఎవరు అసలు మాట్లాడలేదో లెక్క రాయండి. కుందూ ఒడ్డున ఒక మాట, పులివెందుల మెట్టలో ఒక మాట వస్తే రెండూ అట్లాగే ఎక్కించండి. వచ్చే సదస్సులో మొదటి పత్రం ఒక ఎఫ్ఎన్ఓ చదివేటట్టు నిర్వాహకులు ఇప్పుడే తీర్మానం రాసుకోవాలని అధ్యక్ష స్థానం నుంచి ప్రతిపాదిస్తున్నాను. ఆమె ఆ రోజు కూలి, దారి ఖర్చు సభే భరించాలన్న మాట కూడా ఆ తీర్మానంలో చేర్చండి.